పగిలిన పెంకును పలికించినవారు

మొన్నటి సెలవులలో నా మనుమరాలిని వెంటబెట్టుకొని యొక పురావస్తు ప్రదర్శనశాలకు పోయితిని. శిల్పములను, నాణెములను, పూసలను చూచుచు నా పిల్ల ఉత్సాహముతోనే నడచెను గాని, ఒక అద్దపు బీరువాయొద్ద నిలిచిపోయెను. అందులో నల్లనివి, ఎఱ్ఱనివి కుండపెంకులు పదియో పండ్రెండో వరుసగా పేర్చియుండెను. వాని క్రింద నొక అట్టముక్కపై "మట్టిపాత్రల శకలములు, క్రీ.శ. 1వ శతాబ్ది" అని మాత్రమే వ్రాసియుండెను.

"అమ్మమ్మా, మన ఇంట్లో కుండ పగిలితే పెంటమీద పారవేస్తాము గదా! వీళ్లు తాళంవేసి దాచుకున్నారేమి?" అని యా పిల్ల అడిగెను.

"పాతవి గనుక దాచారు తల్లీ" అంటిని.

"పాతవైతే మాత్రం? పెంకులు పెంకులే గదా!"

నాకు సమాధానము తోపలేదు. అక్కడ నున్న ఉద్యోగి నడుగగా ఆయన "అన్నీ చెప్పడం వీలుపడదమ్మా, చూచి వెళ్లండి" అని పక్కకు తొలగెను. ఇంటికి వచ్చిన పిమ్మటగూడ నా ప్రశ్న నన్ను విడువలేదు. తాళము వేయబడినది పెంకులకు మాత్రమే గాదు, వాని కథకును తాళము పడినదని తోచెను. ఆ తాళము తీయుటకై పూనిన దంపతులను గూర్చి యీ మాసమున నాలుగు మాటలు వ్రాయుచున్నాను. వారిలో భర్త పేరు లోకమెల్ల నెఱుగును. భార్య పేరు తెలిసినవారు బహుకొలది.

మార్టిమర్ వీలర్ 1890లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. ఆయన భార్య టెస్సా వెర్నీ 1893లో దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గున జన్మించి, లండనులోని యూనివర్సిటీ కాలేజీలో చరిత్ర చదివెను. 1914లో వారికి వివాహమయ్యెను. మరుసటియేట నొక కుమారుడు కలిగెను. మొదటి ప్రపంచయుద్ధమున వీలర్ ఫిరంగిదళమునందు పనిచేసి, యుద్ధానంతరము 1920లో వేల్సుదేశపు జాతీయ ప్రదర్శనశాలలో ఉద్యోగమునకు చేరి, కొన్నియేండ్లకు దానికి అధిపతి యయ్యెను. నాటినుండి వేసవి వచ్చెనా, ఆ దంపతులిరువురు నేదో యొక పురాతనస్థలమున త్రవ్వకములు సాగించుచుండిరి.

వేల్సులో కార్లియన్ అను నూరు గలదు. అచ్చట గడ్డి పెరిగిన గుండ్రని పల్ల మొకటి యుండగా, ఆర్థరురాజు తన వీరులతో గూర్చుండిన గుండ్రబల్ల యిదియే యని జనులు చెప్పుకొనుచుండిరి. నిజమున కది రోమనుసైనికులు కట్టుకొనిన వర్తులాకారపు క్రీడారంగము. దానిని త్రవ్వుటకు ధనము కావలెను. వీలర్ ఆర్థరురాజు పేరును చూపి, 'డైలీ మెయిల్' అను దినపత్రికవారి నొప్పించి, వారు ధనమిచ్చుటకును, త్రవ్వకముల వార్తలను వారి పత్రికలో ప్రకటించుటకును ఏర్పాటు చేసెను. పండితులలో ననేకు లిట్టిదానిని చిన్నతనముగ భావించెడి కాలమది. కాని ఉదయమున కాఫీ త్రాగుచు పత్రిక చదువు గృహస్థునకు, ఇల్లాలికిగూడ నాటినుండి ఆ త్రవ్వకములు తమవిగా తోచెను.

ఇంతలో 1926లో వీలర్‌నకు లండను మ్యూజియమున పెద్దయుద్యోగము లభించి వెడలిపోయెను. మరి కార్లియన్ పని యెవరు చేసిరి? టెస్సా. కూలివారి నడిపించుట, లెక్కలు వ్రాయుట, దొరికిన వస్తువుల నమర్చుట, గోడలను కొలిచి పటములు వ్రాయించుట, చూడవచ్చినవారికి విప్పిచెప్పుట, వీనినెల్ల నామె వహించి, 1927లో ముగించెను. నేడును కార్లియన్‌లో నా రంగస్థలము పచ్చికగట్లతో నగపడుచున్నది. మన యనుపువద్ద, నాగార్జునకొండ లోయనుండి తెచ్చి మరల కట్టిన యిక్ష్వాకుల క్రీడారంగమును చూచిన సోదరీమణులు దాని స్వరూపమును సులభముగ నూహించుకొనగలరు.

ఇక త్రవ్వుట యనగా నేమో కొంచెము తెలిసికొందము. మన పాతయింటి గోడ పెచ్చు రాలినప్పుడు చూచియుందురు గదా! పైన తెల్లసున్నము, దానిక్రింద నీలము, ఆ నీలముక్రింద పసుపు కనబడును. తెలుపు మనము కొట్టించినది, నీలము అత్తగారినాటిది, పసుపు వారి యత్తగారినాటిది అని చెప్పగలము. క్రింది పొర ముందటిది, పైపొర తరువాతిది. భూమియు నట్టిదే. ఊరు పాడైన చోటనే మరల నూరు వెలయును. ఒకరి నేలపై నింకొకరు మన్ను పోసి అలుకుదురు. పొరపై పొర పెరిగి దిబ్బ యగును.

కాని యిందొక చిక్కు గలదు. ఎవరో నడుమ వచ్చి ధాన్యమునకు పాతర త్రవ్విరనుకొనుడు. పాతర పాడువడి, వారి యింటి కుండపెంకు దాని యడుగున బడినయెడల, క్రొత్త పెంకు పాతపొర లోతున నుండును. పాతర యంచును కనిపెట్టలేనివాడు కాలమును తారుమారు చేయును. అందుచేత వీలర్ దంపతులు స్థలమును వరిమళ్లవలె చదరపు గడులుగా విభజించి, గడికిని గడికిని నడుమ గట్టు విడిచి త్రవ్వించుచుండిరి. త్రవ్వినకొలది నా గట్టు ప్రక్కమీద పొరలన్నియు చారలవలె కనబడును. ప్రతిపొరకు నొక సంఖ్య. దానిలో దొరికిన ప్రతి వస్తువునకు నదే సంఖ్య. ఇల్లు దిద్దుకొనునేర్పు గల స్త్రీకి ఏ డబ్బాలో నేమి యున్నదో తెలిసినట్లు, ఏ వస్తువు ఏ పొరదో తప్పక తెలియవలెను. ఈ క్రమము తప్పకుండ పాటింపజేయుటయందు టెస్సా మిక్కిలి నిపుణురాలు.

1930 మొదలు 1933 వఱకు లండనునకు సమీపమునందలి సెయింట్ ఆల్బన్సులో రోమనులనాటి వెరులేమియము నగరమును వారు త్రవ్విరి. నేలపై రంగురాళ్లతో కూర్చిన చిత్రములు బయల్పడెను. ఇచ్చట టెస్సా యెందఱో విద్యార్థులకు పని నేర్పెను. వారిలో యువతులు పెక్కుమంది. వారిలో నొకతెయైన కేథలీన్ కెన్యన్, అచ్చటి రోమను నాటకశాలను త్రవ్వి, పిదప 1952లో జెరికో నగరమున పని ప్రారంభించి జగద్విఖ్యాతి గాంచెను. గడులు విడిచి పొరలెంచి త్రవ్వెడి యా పద్ధతికి నేడు శాస్త్రజ్ఞులు 'వీలర్-కెన్యన్ పద్ధతి' యని పేరు పెట్టియున్నారు. ఆ 'వీలర్' అను మాట వినినంతనే అందఱికి భర్తయే స్ఫురించును. అది యొక యిల్లాలి పేరుగూడ నని స్ఫురించుట లేదు.

1934లో వారు డార్సెట్ మండలమునందలి మెయిడెన్ కాసిల్ అను కొండకోటను చేపట్టిరి. మూడు నాలుగు వరుసల మట్టికట్టలు చుట్టియున్న బ్రహ్మాండమైన కోట యది. ఇక్కడ వీలర్ జనసామాన్యమునకు ద్వారములు పూర్తిగ తెఱచెను. దారి చూపు పలకలు నాటించెను. వచ్చినవారిని త్రిప్పి చూపుటకు విద్యార్థులను నియమించెను. చిత్రపటములు గల కార్డులు, త్రవ్వకముల వృత్తాంతములు నమ్ముటకు చిన్న యంగడి పెట్టించెను. వేలకొలది జనులు కొండయెక్కి వచ్చిరి. ఆ పల్లెటూరి రైతును, పట్టణపు గుమాస్తాయును, బిడ్డల చేయిపట్టుకొనిన తల్లులును, వడిసెలలో పెట్టి విసరుటకై ద్వారమువద్ద ప్రోగుచేసిన యిరువదివేలకు పైబడిన గులకరాళ్లను గూర్చి విని, రెండువేల యేండ్లనాటి భయమును తమ భయమువలె నెఱిగిరి. ఈ ధనము ప్రజలది, గావున దానివలన తెలిసినది ప్రజలకు చెప్పుట ధర్మమని వీలర్ మతము.

ఈ పని నడుచుచుండగనే 1936 ఏప్రిలులో టెస్సా యొక చిన్న శస్త్రచికిత్సానంతరము హఠాత్తుగ మరణించెను. ఆమెకు అప్పటికి నలువదిమూడేండ్లే. ఆ సమయమున భర్త విదేశయాత్రలో నుండెను. దాచనేల? గృహజీవితమున నాతడామెకు సుఖము కూర్చినవాడు కాడు. పరస్త్రీవ్యామోహము వలన నామె మనస్సు నొచ్చుచునే యుండెనని వారి జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. అయినను ఆమె పని మానలేదు. లండనులో పురావస్తుశాస్త్రమును క్రమముగ నేర్పు నొక విద్యాలయ ముండవలెనని వారిరువురు పది సంవత్సరములు శ్రమించిరి. 1937లో ఆ విద్యాలయము తెఱువబడెను. ఆ దినమును చూచుట కామె లేదు. 2012లో లిడియా కార్ అను విదుషీమణి ఆమె జీవితచరిత్రను ప్రత్యేకగ్రంథముగ వ్రాసినప్పుడు, మరణించిన డెబ్బదియాఱేండ్లకు, టెస్సా మరల లోకమునకు కనబడెను.

ఆమె లేని లోపము పనియందెంతవఱకు కనబడెనో నేను చెప్పజాలను. కాని మెయిడెన్ కాసిల్ కథలోనే మనము నేర్చుకొనవలసిన పాఠ మింకొకటి యున్నది. కోట తూర్పుద్వారమువద్ద నస్థిపంజరములు బయల్పడెను. వానిలో ననేకమునకు కత్తిగాయము లుండెను. ఒకదాని వెన్నెముకలో నినుపములికి దిగియుండెను. క్రీ.శ. 43 ప్రాంతమున రోమనుసైన్యము కోటను ముట్టడించి స్త్రీపురుషులను సంహరించెననియు, బ్రతికినవారు చీకటిలో తమవారిని తత్తఱపాటుతో పాతిపెట్టిరనియు వీలర్ కన్నులకు గట్టినట్లు వర్ణించెను. చదివినవారి గుండె కరగెను. పాఠ్యపుస్తకములలో నది యెక్కెను.

1985, 1986లలో నయల్ షార్పుల్స్ అను శాస్త్రజ్ఞుడు మరల త్రవ్వి, యీ కథపై సందేహములు పుట్టించెను. ఎముకలను క్రొత్తపద్ధతులతో పరీక్షించి బోర్న్‌మత్ విశ్వవిద్యాలయమువారు 2025లో ప్రకటించిన విషయ మేమనగా: ఆ మరణము లొక్కనాటివి కావు, క్రీస్తుపూర్వము చివరి దశాబ్దములు మొదలు కొన్ని తరములపాటు పలుమార్లు జరిగినవి, రోమనుల రాకకు ముందే, స్థానికుల కలహములలోనే వారు చచ్చియుందురు. ఎంత చక్కగ చెప్పబడినను కథ కథయే. సాక్ష్యము చెప్పినదే చరిత్ర.

ఇట్టి పొరపాటే మన దేశమునందును జరిగెను. 1944 మొదలు 1948 వఱకు వీలర్ భారతదేశపు పురావస్తుశాఖకు సర్వాధికారిగ నుండెను. తక్షశిలలో పాఠశాల పెట్టి మన యువకులకు గడుల పద్ధతిని నేర్పెను. 'ఏన్షియంట్ ఇండియా' యను పత్రికను 1946లో ప్రారంభించెను. మొహెంజొదారో వీధులలో పడియున్న అస్థిపంజరములను గూర్చి వ్రాయుచు, ఆర్యులు దండెత్తి చంపిరని, ఇంద్రునిపైననే నేరము మోపెను. 1964లో జార్జి డేల్స్ అను నమెరికా శాస్త్రజ్ఞుడు ఆ యస్థిపంజరము లన్నియు నొక్క పొరకు చెందినవి కావని చూపి, ఆ సంహారకథ నిలువదని నిరూపించెను. పొరల నెంచుట లోకమునకు నేర్పిన గురువు తన పాఠమునే యొక క్షణము మఱచెను. అయినను గమనింపుడు: ఆయన తప్పును దిద్దినది ఆయన నేర్పిన పద్ధతియే.

ఇక నా మనుమరాలి పెంకుల యొద్దకు వత్తము. 1944లో వీలర్ చెన్నపట్టణపు మ్యూజియములో నొక బీరువా తెఱువగా మట్టిజాడీ మెడయు, చెవియు కనబడెను. చూచినంతనే యది మధ్యధరాసముద్రతీరమున ద్రాక్షాసారాయము నింపి యోడలపై పంపెడి 'ఆంఫొరా' యని గుర్తించెను. అది యెచ్చటిదని యడుగగా, పుదుచ్చేరి సమీపమునందలి అరికమేడుదని తెలిసెను. 1945లో నచ్చట త్రవ్వించెను. ఇటలీనుండి వచ్చిన యెఱ్ఱని నునుపు పాత్రల పెంకులు బయల్పడెను. వాని కాలము యూరోపులో నంతకుముందే నిర్ణయింపబడియుండెను. వానితో నొకే పొరలో మన దేశపు పెంకులు నుండెను. కనుక నివియు నా కాలమునవే! అందు లోపలి యడుగున సన్నని నొక్కులు వరుసలుగ గల నల్లని పళ్లెముల పెంకులు గలవు. ఇట్టివి మన యమరావతియందును, శాలిహుండమునందును దొరికినవి. 1947లో మైసూరు సంస్థానమునందలి బ్రహ్మగిరిలో త్రవ్వినప్పుడు, తెల్లనిగీతలు గల యెఱ్ఱని పాత్రలు వాడిన పైపొరవారికి వీలర్ 'ఆంధ్ర సంస్కృతి' యని పేరు పెట్టెను. శాతవాహనులనాటి దక్కనులో జనులేమి తినిరో, ఎందులో తినిరో తెలుపు పాత్ర లవి.

నొక్కుల పళ్లెములు విదేశములనుండి వచ్చినవని వీలర్ తలచెను. తరువాతివారు మట్టిని పరీక్షించి, అవి మన దేశపు కుమ్మరుల చేతిపనియే యని తేల్చిరి. బ్రహ్మగిరి క్రింది పొరల కాయన యిచ్చిన కాలమును తరువాత చాలవెనుకకు జరుపవలసివచ్చెను. శాస్త్రమున కిది యవమానము కాదు. ఇల్లు తుడిచిన మరునాడు మరల తుడుచుటవంటిది.

ఇంతకును కుండపెంకుకే యింత విలువ యేల? బంగారము కరగింతురు. ఇత్తడిని మార్చుకొందురు. బట్ట చివుకును, కఱ్ఱ పుచ్చును. కుండ పగులును గాని నశింపదు. పగిలినదానిని దొంగయైనను కొనిపోడు. ఒక్కొక్క తరమున దాని యంచు, మెడ, రంగు కొంచెము కొంచెము మారుచుండును. అది రాజుగారి శాసనముకంటె సత్యము పలుకును. ఏలయన శాసనము వ్రాయించినవాడు పొగడ్త కోరెను, కుండ వాడిన యిల్లా లేమియు కోరలేదు. రాజుల పేర్లు రాతిమీద నున్నవి. వంటచేసిన మన పూర్వస్త్రీల జాడ యీ పెంకులమీదనే యున్నది.

ఇంగ్లండునకు మరలిన పిమ్మట వీలర్‌ను 1952లో 'సర్' బిరుదమిచ్చి గౌరవించిరి. ఆ సంవత్సరమే బి.బి.సి. వారి టెలివిజనులో నొక వింత కార్యక్రమము మొదలయ్యెను. ఏదో మ్యూజియమునుండి తెచ్చిన వస్తువును ముగ్గురు పండితుల చేతి కిచ్చి, యిది యేమని యడుగుదురు. వారు త్రిప్పి చూచి, తడిమి, బిగ్గఱగ నాలోచించి చెప్పవలెను. తప్పిన నందఱియెదుట తప్పినట్లే. 1954లో నా యేటి ఉత్తమ టెలివిజను ప్రముఖుడుగ వీలర్ ఎన్నుకొనబడెను. అరువదినాలుగేండ్ల పండితునకు నటులతో సమానముగ జనాదరణము! జనులు మెచ్చినది ఆయన మీసములను మాత్రమే కాదు. పండితుడు తమ కన్నులయెదుట నాలోచించుటను మెచ్చిరి. ఆయన 1976లో మరణించెను.

సోదరీమణులారా, చరిత్రను జనులకు విప్పిచెప్పువాని కింపైన మాట యొకటే చాలదు. ఆ మాట వెనుక, పొర పొరకు సంఖ్య వేసి, పెంకు పెంకును కడిగి, తొందరపడక కూర్చున్న నిదానము కావలెను. మొదటిదానికి వీలర్ గుర్తు. రెండవదానికి టెస్సా గుర్తు. మొదటిదానిని లోకము చప్పట్లతో సన్మానించినది. రెండవదానిని తెలిసికొని స్మరించుట, ముఖ్యముగ స్త్రీలమైన మన విధి.

మీరు బిడ్డలతో ప్రదర్శనశాలకు పోయినప్పుడు మౌనముగ తిరిగిరాకుడు. ఇది యెచ్చట దొరికినది, ఏ పొరలో దొరికినది, దీని తోడ నేమి దొరికినవి, ఈ కాలము నెట్లు తెలిసికొంటిరి అని యడుగుడు. చెప్పువారు లేనియెడల నధికారులకు జాబు వ్రాయుడు. మఱియొక మాట: మీ యూరి పాటిదిబ్బలో పాతపెంకు కాని, పూస కాని కనబడిన, ముచ్చటపడి యింటికి తేకుడు, పిల్లలను తేనీయకుడు. పొరనుండి తీసిన పెంకు, పుస్తకమునుండి చింపిన యక్షరమువంటిది. ఏ మాటలోనిదో యెవరికిని తెలియదు.

నిన్న రాత్రి భోజనానంతరము మనుమరాలిని దగ్గఱకు తీసికొని చెప్పితిని: "నీవు చూచిన పెంకు ఒక అమ్మ అన్నము పెట్టిన పళ్లెము ముక్క తల్లీ. రెండువేల ఏండ్ల క్రిందట పగిలింది. ఆ అమ్మ పేరు మనకు తెలియదు. ఆ పెంకు దాచకపోతే ఆమె ఉండేదనికూడా తెలియదు."

ఆ పిల్ల కొంతసేపు మాటాడలేదు. పిదప "అయితే ఆ అట్టముక్కమీద అలా రాయలేదేం అమ్మమ్మా?" అని యడిగెను.

ఆ ప్రశ్ననే నేను జాబుగా వ్రాసి, ఆ ప్రదర్శనశాల యధికారులకు నేటి టపాలో పంపుచున్నాను.